కుంచమంత పెట్టెలో హోరు

పదకొండు వారాలుగా ఈ కథ చెబుతున్నాను. ఇందులో నేను కల్పించింది ఆవగింజంతయినా లేదు. ఉందని ఎవరైనా పట్టుకుంటే భావనపాడు సముద్రాన్ని అలలతో సహా వాళ్ళ పేర రాసిచ్చేస్తాను. ఊరి బడిలో అయిదో క్లాసుతో ఆగిపోయినవాణ్ణి, అబద్ధమాడటానికి అంత చదువు చాలదు.

పోయిన వారం గిరిబాబుని నౌపడ రైలు గేటు దగ్గర మోటారుసైకిలు మీద నిలబెట్టి వదిలేశాం. భుజాన సంచి, సంచిలో అట్టపెట్టె. గూడ్సుబండి వెళ్ళిపోయి గేటు లేచింది, వెనకనున్న ఆటోవాడు హారను కూడా కొట్టాడు. ఇక వెళ్ళక తప్పదు.

ఎందుకు వెళ్తున్నాడో కొత్తగా వచ్చినవాళ్ళకి నాలుగు ముక్కల్లో చెబుతాను. గిరిబాబుకి టెక్కలిలో కంప్యూటర్ల దుకాణం. భావనపాడులో జోగయ్య కూతురు నీలవేణికి కుంచమంత కంప్యూటరు ఒకటి తయారుచేసి ఇచ్చాడు. ఆ పిల్ల గొంతు బాగుంటుంది. కథలు చదివి వినిపించే హైదరాబాదు కంపెనీవాళ్ళు, సముద్రపు ఒడ్డు గొంతు కావాలని, చదివి పంపమన్నారు. పంపింది. వెనక్కి వచ్చింది. మళ్ళీ పంపింది. మళ్ళీ వచ్చింది. రెండుసార్లూ ఒకటే మాట: గొంతు బాగుంది, వెనక హోరుంది. మూడోదీ ఆఖరుదీ ఈరోజు సాయంత్రం అయిదు గంటల్లోగా వెళ్ళాలి.

మొదటిసారి తిరిగొచ్చినప్పుడే నీలవేణి గిరిబాబుకి ఫోను చేసింది. దుకాణంలో నలుగురు బేరగాళ్ళు నిలబడి ఉన్నారు. "పెట్టె చప్పుడు చెయ్యదమ్మా. ఇంట్లో ఎవరికైనా ఆయాసం ఉందేటో చూసుకో" అని ఫోను పెట్టేశాడు.

జోగయ్యకి ఆరేళ్ళుగా ఆయాసం. ఊపిరి తీస్తే పిల్లికూతలు. 'టెక్కలిలో ఎవరో అన్నారు' అని మాత్రమే నీలవేణి ఇంట్లో అంది. ఆ సాయంత్రమే చాప చుట్టుకుని, తలగడ చంకన పెట్టుకుని, పడవల దగ్గరున్న వలల పాకలోకి వెళ్ళిపోయాడు. ఇవాళ్టికి పద్దెనిమిది రోజులు.

హోరు పెట్టెదేనని గిరిబాబుకి మర్నాడే తెలిసింది. అంతకుముందు తెలియకపోవడానికీ కారణముంది. ఇతను పుట్టిందీ పెరిగిందీ నెల్లిమర్లలో, జూటుమిల్లు కార్మికుల ఇళ్ళ వరసలో. తండ్రి మగ్గాల దగ్గర పనిచేసేవాడు, ఇంటికొచ్చినా మగ్గం పక్కనున్నట్టే మాట్లాడేవాడు. ఆ ఇంట్లో గుసగుస అంటే పక్క వీధివాళ్ళు జవాబు చెప్పేవారు. అలాంటి చెవికి మగ్గం కన్నా తక్కువదంతా నిశ్శబ్దమే. పైగా దుకాణం ముందు రోజంతా బస్సులు. కాని ఆ మర్నాడు ఆదివారం. షట్టరు సగం దించి, అలాంటి పెట్టే ఇంకొకటి ఆన్ చేశాడు. లోపల్నించి సన్నటి కూత. బుడ్డి లోపల తుమ్మెదని పెట్టి మూత బిగించినట్టు.

కారణం వెదకక్కర్లేకపోయింది. ప్రాసెసరు మీద కూర్చుని దాన్ని చల్లబరిచే కూలరు ఉంటుంది కదా, దాన్ని అతను మెరుపు చూసి ఎంచాడు. బుల్లి ఫ్యాను, రంగు దీపం, చూడముచ్చటగా ఉంది. బుల్లి ఫ్యాను గాలి చాలక పిచ్చిగా తిరుగుతుందని, తిరిగితే కూస్తుందని ఆ రోజు తట్టలేదు.

సరే, తెలిసింది. తెలిసినవాడు ఫోను చెయ్యాలా వద్దా? చెయ్యలేదు. కొత్త కూలరు పార్సిల్లో రావాలి కదా అనుకున్నాడు. నిజమే, రావడానికి పన్నెండు రోజులు పట్టింది. కాని 'తప్పు నాదమ్మా' అనడానికి పార్సిలు అక్కర్లేదు. ఆ మాట అతనికి రోజూ అన్నం దగ్గర గుర్తొచ్చేది. ముద్ద పెట్టుకునేవాడు, ఆగేవాడు, మళ్ళీ పెట్టుకునేవాడు.

జోగయ్య ఇంటి పక్క ఈశ్వరి ఎండలో మెత్తళ్ళ చేపలు ఆరబోస్తోంది. కాకుల్ని తోలే కర్రతోనే గిరిబాబుని ఆపింది.

"ఏటి బాబూ, ఇప్పుడొచ్చినావు? పిల్ల నేదు. టెక్కలి ఎల్లింది."

"ఏం పనుండి?"

"ఆలయ్యకి, మా జోగయ్య మావకి, పీల్చే మందు తేడానికి. పాత మందుకి పిల్లికూతలు తగ్గనేదంట. మా మావ ఊపిరి వల్ల పిల్ల పని సెడిపోతన్నాదని ఊరంతా అదే మాట." ఈశ్వరి కర్ర కింద పెట్టి కళ్ళు చికిలించింది. "ఎవడో టెక్కలోడు సెప్పినాడంట, మీ ఇంట్లో ఆయాసం మిషన్లో పడతన్నాదని. నువ్వూ టెక్కలోడివే కదా. ఆడు నీకు తెలుసేటి?"

గిరిబాబు హెల్మెట్టు తియ్యకుండానే, "తెలుసు" అన్నాడు.

"కనబడితే ఓ పాలి ఇలాగ తీసుకురా. ఎండు సేపల పులుసెడతాను. ముళ్ళు మాత్రం తియ్యను."

అంతలో ఇసకలోంచి జోగయ్య వచ్చాడు. భుజం మీద తెడ్డు. సముద్రానికి వెళ్ళడం మానేసి మూడేళ్ళయినా తెడ్డు మాత్రం మానలేదు. "రా బాబూ, రా. నీలవేణి సెప్పింది, నువ్వు పెట్టె సూడ్డానికొస్తావని. తలుపు తీసే ఉన్నాది. పగటేల నానూ ఇంట్లోకి వస్తాను. సదివీటప్పుడే రాను" అన్నాడు, ఏదో వరం పొందినవాడిలా.

లోపలి గది చూసి గిరిబాబు గుమ్మంలోనే ఆగాడు. గోడలు కనబడవు. నాలుగు పక్కలా పాత వలలు, పొరమీద పొర, వాటి మీద బొంతలు. గొంతు గోడకి కొట్టుకుని తిరిగి రాకుండా జోగయ్య తన చేతులతో కట్టినవి. బల్ల మీద మైకు. దాని పక్కన పెట్టె. పెట్టెకి నీలం టార్పాలిను బరకంతో కుట్టిన చొక్కా.

చొక్కా అనే అనాలి దాన్ని. వల అల్లే సూదితో, వల దారంతో, గంటు కనబడకుండా కుట్టాడు. అయిదు పక్కలా మూసి, అడుగున తాడు పోసి బిగించాడు. వైర్లకి వేలంత కన్నం, బొత్తానికి ఇంకో కన్నం.

"ఉప్పుగాలి బాబూ" అన్నాడు జోగయ్య గర్వంగా. "ఇనప ఇంజన్లనే నమిలీస్తాది. ఈ కుంచమంత దాన్ని ఒగ్గీస్తాదా? కొన్న మర్నాడే కుట్టినాను."

"నడిచేటప్పుడు తీస్తున్నారా, తాతా?"

"పడవ ఇంజను నడిసీటప్పుడు తీస్తాం. ఇది ఎక్కడికీ ఎల్లదు కదా, ఒడ్డున కూకునీదే. తీడమెందుకు?"

గిరిబాబు తాడు ముడి మీద వేళ్ళు పెట్టి అలాగే ఉండిపోయాడు. లోపలికి గాలి వెళ్ళదు, వేడి బయటికి రాదు. ఊపిరాడని ఫ్యాను ఇంకాస్త గింజుకుంటుంది. ఇంకాస్త కూస్తుంది.

అతనికి పారిపోవడానికి దారి దొరికింది. 'ఇదంతా నీ బరకం వల్లే తాతా' అంటే చాలు. అందులో నాలుగోవంతు నిజం కూడా. ముసలాయన రెండు చేతులూ జోడించి నమ్ముతాడు. తన ఆయాసం కాకపోతే తన బరకం, ఏదైనా తనదే అనుకునే మనిషి. టెక్కలి దుకాణం పేరు నిలబడుతుంది. మాట నాలుక చివరిదాకా వచ్చి, నెల్లిమర్ల గొంతుతో బయటికి దూకడానికి సిద్ధంగా ఉంది.

"గాలి ఆడాలి తాతా. దీన్ని ఆపినప్పుడే తొడగండి" అని మాత్రమే అని, ముడి విప్పి, పెట్టె ఆన్ చేశాడు.

హోరు కొంచెం తగ్గింది. పోలేదు.

జోగయ్య తల ఒక పక్కకి వంచి విన్నాడు. తెడ్డు తీసుకుని, వెడల్పు కొసని పెట్టె మీద ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. సముద్రంలో ఆ మనిషి చేపని వెదికే తీరు అదే. తెడ్డు నీళ్ళలో నిలిపి, పిడి దగ్గర చెవి పెట్టి, ఏ గుంపు ఎటు పోతోందో చెప్పేవాడు. ఒకసారి అలా విని, కింద కవళ్ళ గుంపులో పెళ్ళవుతోంది, అప్పగింతలు అయ్యేదాకా వల వెయ్యొద్దన్నాడట. పడవలో అయిదుగురూ కొంగలు చూసినట్టు నీళ్ళకేసి చూస్తూ గంటసేపు ఆగారు. ఆ తర్వాత వేస్తే పెళ్ళికూతుర్ని వదిలేసి మిగతా వాళ్ళంతా పడ్డారు.

"రెండు గొంతులున్నాయి" అన్నాడు కళ్ళు తెరవకుండా. "ఒకటి సన్నం, కూస్తన్నాది. ఇంకోటి బొంగురు. రేకు వణుకుతన్నాది." తెడ్డు దించాడు. "నాది ఇందులో ఎక్కడున్నాది బాబూ?"

గిరిబాబు సంచిలో స్క్రూడ్రైవరు వెదుకుతున్నాడు. అది చేతికి తగిలింది. అయినా వెదుకుతూనే ఉన్నాడు.

"ముందు ఇది మార్చనీ తాతా."

పెట్టె విప్పి పాత కూలరు ఊడదీశాడు. చేత్తో పట్టుకుంటే జామకాయంత కూడా లేదు. రంగు దీపం ఆరిపోయాక మరీ బక్కగా కనబడింది. కొత్తది బల్ల మీద పెట్టాడు. అరచెయ్యి వెడల్పున పరుచుకున్న పల్చటి ఫ్యాను, కింద సన్నటి రేకుల దొంతర, వాటిలోంచి వంపు తిరిగిన నాలుగు రాగి గొట్టాలు.

దీన్ని ఎంచడానికి అతను పడ్డ పాట్లు జోగయ్యకి చెప్పాడు. చేతులు పనిలో ఉంటే నోటికి ధైర్యమొస్తుంది. పెట్టె మూత పడాలంటే కూలరు ఎత్తు నలభై ఏడు మిల్లీమీటర్లు దాటకూడదు. నిలువుగా గోపురంలా లేచే పెద్ద కూలర్లు చప్పుడు చెయ్యవు, కాని మూత పడదు. నీళ్ళు తిప్పి చల్లబరిచేవి ఉన్నాయి. వాటికి ఇంత పెట్టెలో చోటు లేదు, చోటున్నా నీళ్ళు తోసే పంపు సన్నగా మూలుగుతుంది. అసలు ఫ్యానే లేనివి ఉన్నాయి. కిటికీ మూసి, గోడలకి బొంతలు కప్పిన ఈ గదిలో, ఈ ఎండలకి, అవి ఉడికిపోతాయి. మిగిలింది ఇది. ఎత్తు తక్కువ, వెడల్పు ఎక్కువ, నెమ్మదిగా తిరుగుతుంది.

"సిన్న తెడ్డయితే గబగబా ఎయ్యాల. నీళ్ళు తపతపలాడతాయి, సేపలు పారిపోతాయి" అన్నాడు జోగయ్య. "పెద్ద తెడ్డు ఒక్కపాలి ఏస్తే సాలు. దీనికి పార్సిలెందుకు బాబూ, నన్నడిగితే సెప్పీవోణ్ణి."

పార్సిలు పెట్టకముందు నాలుగు రాత్రులు కంప్యూటరు ముందు కూర్చుని నేర్చుకున్నది అంతే. గిరిబాబు తలొంచుకుని ప్రాసెసరు మీద ఆవగింజంత పేస్టు పెట్టాడు, కూలరు దించాడు, నాలుగు మరలూ ఒకదానికెదురు ఒకటి కొంచెం కొంచెంగా బిగించాడు. వణికే రేకు కింద రబ్బరు ముక్కలు పెట్టాడు. మూత పడింది. మధ్యన సందు గోరంత. ఆన్ చేసి, సెట్టింగుల్లోకి వెళ్ళి ప్రాసెసరు వేగం తగ్గించాడు. కథ చదివే పిల్లకి రేసుగుర్రం ఎందుకు? పరిగెత్తని వాడికి చెమట పట్టదు.

జోగయ్య మళ్ళీ తెడ్డు ఆనించాడు. చాలాసేపు విన్నాడు. "సచ్చిపోనాదేటి?"

"నడుస్తోంది తాతా. ఇదిగో, దీపం చూడు. ఇప్పుడు రెండు నిమిషాలు రికార్డు చేసి చూద్దాం. ఎవరూ మాట్లాడకూడదు." మైకు తెరిచి ఎర్ర గుండ్రం నొక్కాడు. తెర మీద గీత సన్నగా, తిన్నగా సాగింది.

గదిలో చప్పుడేమీ లేదు. ఈశ్వరి కాకుల్ని తోలడం కూడా బొంతలకి అవతలే ఆగిపోయింది. ఇంత నిశ్శబ్దం గిరిబాబు జన్మలో వినలేదు. అతను పక్కకి చూశాడు. జోగయ్య బుగ్గలు పొంగించి, పెదవులు బిగించి, కొయ్యలా నిలబడి ఉన్నాడు. కణతల మీద నరాలు లేచాయి. మొహం నల్లబడుతోంది.

"తాతా, ఊపిరి తియ్యి."

జోగయ్య తల అడ్డంగా ఊపాడు.

"తియ్యి తాతా. పరవాలేదు."

జోగయ్య వదిలాడు. పిల్లికూత ఒకటి, సన్నగా. "అలవాటైపోనాది బాబూ" అన్నాడు గొణుగుతూ. "పిల్ల సదివీటప్పుడు కిటికీ అవతల నిలబడి ఇంటాను. ఊపిరి బిగబట్టీసి. పేజీ తిప్పీదాకా ఆగగలను. సదువు ఆపీసినాక అటు పోయి దగ్గుతాను. ఐనా రెండోదీ తిరిగొచ్చీసినాది, ఎక్కడో ఒక కూత జారిపోయుంటాది."

తెర మీద గీత కదులుతోంది. గిరిబాబు దాన్ని చూడటం లేదు.

"ఆ మాట అన్న టెక్కలివాణ్ణి నేనే తాతా."

జోగయ్య తెడ్డు పక్కన పెట్టాడు.

"నీ ఆయాసం కాదు. ఎప్పుడూ కాదు. పెట్టెదే. నేను పెట్టిన ఫ్యానుదే. దుకాణంలో నలుగురున్నారని నోటికొచ్చింది అనేశాను. మర్నాడే తెలిసింది. నువ్వు పాకలో పడుకుంటున్నావని నీలవేణి ఫోనులో చెప్పింది కూడా. విని, అయ్యో అని, ఫోను పెట్టేశాను. పదిహేడు రోజులు నోరు మూసుకుని కూర్చున్నాను."

"మరి బరకం?"

"బరకం పాపం నాలుగణాలు. పన్నెండణాలు నాది."

జోగయ్య పెద్దగా నవ్వాడు. నవ్వి, గిరిబాబు వీపు మీద ఒక్కటి చరిచి, "ఓస్, ఇంతేనేటి. పాకలో గాలి బాగున్నాదిలే" అన్నాడు. గిరిబాబుకి గుండెల మీద లంగరు ఎవరో పైకి లాగినట్టయింది.

"ఒక్కటి మాత్రం ఇను" అన్నాడు ముసలాయన, గొంతు తగ్గించి. "పిల్లకి సెప్పకు. నన్నది ఎల్లమననేదు, నానే ఎల్లినాను. ఐనా అదలాగ అనుకోదు. మా అయ్యని బయటెట్టీసినానని బతికున్నన్నాళ్ళూ అనుకుంటాది. ఇప్పుడు మందు తెస్తన్నాది కదా. ఆ మందు పనిసేసినాదని సెప్దాం."

"అబద్ధం తాతా."

"మందుకి మంచి పేరొస్తే నీకేటి నష్టం?"

గిరిబాబు తలూపాడు. పద్దెనిమిది రోజుల భారం దిగి, దాని చోట ఇంకొకటి వచ్చి కూర్చుంది. ఇది చిన్నదే, కాని మూలలు మొనదేలి ఉంది.

బయట ఆటో ఆగింది. నీలవేణి చెమటలతో లోపలికొచ్చింది, చేతిలో మందుల దుకాణం సంచి. ముందు తండ్రిని చూసింది. "అయ్యా, ఇది మంచిదంట. రెండు పీల్పులు పీల్చుకుంటే కూతలు తగ్గుతాయంట. తగ్గితే ఇంట్లోనే..." అని, గిరిబాబుని చూసి ఆగిపోయింది. "గిరిబాబన్నా, ఐపోనాదా? అయిదింటికి పంపాల."

"ఐపోయిందమ్మా."

ఆమె బల్ల ముందు కూర్చుంది. తెర మీద గీత ఇంకా సాగుతూనే ఉంది. పక్కన అంకెలు ఎనిమిది నిమిషాలు దాటాయి. "రికార్డు ఆపనేదేటి మీరు" అని నవ్వుతూ ఆపింది. "టెస్టు చేసినారా? మంచిదే. హోరుందో నేదో సూస్తాను."

హెడ్‌ఫోను చెవులకి పెట్టుకుని, మొదటికి తెచ్చి, నొక్కింది.

చెయ్యి చాపితే మౌసు అందుతుంది. కరెంటు వైరు కాలికే తగులుతోంది. జోగయ్య గిరిబాబుకేసి చూస్తున్నాడు, కళ్ళతో బతిమాలుతున్నాడు. గిరిబాబు చెయ్యి బల్ల మీదికి సగం దాకా వెళ్ళింది. అక్కడ ఆగింది. మళ్ళీ అతని ఒళ్ళోకే వచ్చేసింది.

"హోరు నేదన్నా" అంది నీలవేణి. మొహమంతా వెలిగింది. "ఒక్క రవ్వ కూడా నేదు."

ఇక్కడ నేను ఒకటి ఒప్పుకోవాలి. ఆ పిల్ల వినబోతోంది కాబట్టి దాచి లాభం లేదు, మైకుకి నాలా బడాయిలు రావు. చేపల పెళ్ళి నిజమే, దాని జోలికి రాకండి. నేను కల్పించింది జోగయ్య నవ్వు. ఆయన నవ్వలేదు. వీపు చరచలేదు. 'ఓస్, ఇంతేనేటి' అన్న మాట నాది. గిరిబాబు మీద జాలేసి పెట్టాను. మాట ప్రకారం సముద్రం ఇక మీదే, మీ పేర రాసుకోండి, ఉప్పుగాలి ఉచితం.

గిరిబాబు చెప్పడం అయ్యాక జరిగింది వేరు. జోగయ్య బరకం చొక్కాని మడత మీద మడత పెట్టి పక్కన ఉంచాడు. ఆ తర్వాత ముసలాయన, కొత్త ఇంట్లో అద్దెకి చోటు అడిగేవాడిలా, మెల్లగా అడిగాడు.

"ఐతే బాబూ, నాను ఇంట్లో పడుకోవచ్చునేటి?"

ఆ మాట రికార్డులో నాలుగో నిమిషంలో ఉంది. నీలవేణి నవ్వు ఊపిరి బిగబట్టిన మాట దగ్గరే ఆగిపోయింది. ఆమె ఇంకా రెండో నిమిషంలోనే ఉంది.